మూడొందల ముద్ర

1998 ఆగస్టు 24న ఇంటెల్ కంపెనీ రెండు రకాల ప్రాసెసర్లని ఒకే రోజు బజార్లోకి వదిలింది. ఒకటి పెంటియం-2, వేగం 450 మెగాహెర్ట్జ్. అప్పటికి ఆ కంపెనీ డెస్క్‌టాప్ కోసం చేసినవాటిలో అన్నిటికన్నా వేగమైనది. టోకు ధర 669 డాలర్లు. రెండోది సెలెరాన్ 300ఏ. వేగం 300 మెగాహెర్ట్జ్, ధర 149 డాలర్లు. మొదటిది డబ్బున్నవాళ్ళకి, రెండోది సరిపెట్టుకునేవాళ్ళకి. కంపెనీ వేసుకున్న లెక్క అదే.

ఆ లెక్క ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ ఏడాది చివరికల్లా సెలెరాన్ 300ఏ కొన్నవాళ్ళు ఎంతోమంది దాన్ని 450 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపేస్తున్నారు. అంటే 149 డాలర్ల చిప్ 669 డాలర్ల చిప్ చేసే పనికి దాదాపు సమానంగా చేస్తోంది. చిప్ మీద ముద్ర మాత్రం 300 అనే ఉంది.

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటాం కదా, ఇది దానికి తలకిందులు. ముద్ర చిన్నది, సరుకు గొప్పది. ఇలా కంపెనీ చెప్పిన వేగాన్ని దాటించి నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. దీన్ని కుర్రవాళ్ళ సరదాగా కొట్టిపారేసేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం దీని చరిత్రంతా ఒక తగువులా కనిపిస్తుంది. ముద్రకీ సరుకుకీ మధ్య మిగిలిపోయే ఆ వెసులుబాటు ఉందే, అది ఎవరి సొత్తు? చేసినవాడిదా, కొన్నవాడిదా? ఈ తగువులో ప్రాసెసర్ గురించి అందరూ మాట్లాడతారు కానీ, తీర్పు చెప్పింది మాత్రం చాలాసార్లు పక్కన కూర్చున్న మెమరీయే.

ముద్ర ఎలా పడుతుంది

ప్రాసెసర్ చేసే పనంతా ఒక తాళానికి లోబడి నడుస్తుంది. సెకనుకి ఎన్ని దెబ్బలు పడితే అన్ని హెర్ట్జ్. దెబ్బకీ దెబ్బకీ మధ్య లోపలి లెక్కలన్నీ తేలిపోవాలి. తేలకముందే తర్వాతి దెబ్బ పడితే తప్పు సమాధానం వస్తుంది. ఒకే పలకమీద, ఒకే పద్ధతిలో తయారైన చిప్పులన్నీ ఒక్కలా ఉండవు. కొన్ని వేగంగా తేల్చగలవు, కొన్ని నెమ్మదిగా. అందుకని ఒక్కోదాన్నీ పరీక్షించి, ఏ వేగం దగ్గర ఢోకా లేకుండా నడుస్తుందో చూసి, దాన్నిబట్టి ముద్ర వేస్తారు. నూజివీడులో మామిడికాయలు గ్రేడు చేసినట్టే అనుకోండి.

తోట ముదిరి, సాగు చేతికి బాగా పట్టుబడ్డాక కాయలన్నీ మొదటి రకమే వస్తాయి. కానీ బజార్లో రెండో రకానికి గిరాకీ అలాగే ఉంటుంది. అప్పుడు మొదటి రకం కాయల్ని రెండో రకం గంపలో పోసి అమ్మాలి. తయారీ బాగా కుదిరిన ప్రాసెసర్ విషయంలో జరిగేది ఇదే. పైగా, ఎండల్లో, దుమ్ములో, చౌక ఫ్యానుతో, ఒడిదుడుకుల కరెంటుతో కూడా నడవాలి కాబట్టి ప్రతి ముద్ర కిందా కొంత జాగా వదులుతారు. వెసులుబాటు ఈ రెండు చోట్ల నుంచీ పుడుతుంది: ఒకటి వ్యాపారం వల్ల, ఇంకొకటి జాగ్రత్త వల్ల. ఈ రెండిటి తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ వెసులుబాటుని జనం పసిగట్టడం 1998లో మొదలవలేదు. 1984లో వచ్చిన ఐబీఎమ్ పీసీ ఏటీలో 12 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఒకటి ఉండేది. దాన్ని సగం చేసి ప్రాసెసర్‌కి 6 మెగాహెర్ట్జ్ అందించేవారు. ఆ స్ఫటికాన్ని ఊడదీసి 16 మెగాహెర్ట్జ్‌ది గుచ్చితే మెషీను 8 దగ్గర పరిగెట్టేది. కొద్ది డాలర్ల ఖర్చు, మూడోవంతు అదనపు వేగం. ఐబీఎమ్ ఊరుకోలేదు. తర్వాత వచ్చిన ఏటీల బయాస్‌లో వేగాన్ని తనిఖీ చేసే ఏర్పాటు పెట్టి, స్ఫటికం మారిస్తే మెషీను మొదలవకుండా చేసింది. తగువు అక్కడే మొదలైందని చెప్పొచ్చు.

కాడికి కట్టిన జత

1992లో ఇంటెల్ 486డీఎక్స్2 తెచ్చింది. అందులో కొత్త సంగతేమిటంటే, బోర్డూ మెమరీ 33 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంటే ప్రాసెసర్ లోపల మాత్రం 66 దగ్గర నడిచేది. కారణం సూటిగానే ఉంది. ప్రాసెసర్లు పెరిగినంత వేగంగా మెమరీ పెరగలేదు. జోడెడ్లలో ఒకటి ఉరుకుతుంటే రెండోది నడుస్తోంది. కాడి విరగకుండా ఉండాలంటే ఇద్దరికీ మధ్య ఒక లెక్క ఉండాలి. అదే మల్టిప్లయర్, అంటే గుణకం. అప్పటినుంచీ ప్రాసెసర్ వేగం రెండు అంకెల లబ్ధం అయింది: బోర్డు మీది బస్ వేగం ఒకటి, దాన్ని హెచ్చవేసే గుణకం ఒకటి.

రెండు అంకెలున్నాయంటే వేగం పెంచడానికి రెండు దారులున్నట్టు. గుణకం పెంచితే ప్రాసెసర్ ఒక్కటే కష్టపడుతుంది. బస్ పెంచితే ప్రాసెసర్‌తో పాటు మెమరీ, కార్డులు, హార్డ్‌డిస్క్ కూడా ఆ మేరకు ఉరకాలి. సహజంగానే మొదటి దారి సులువు.

ఆ సులువే దొంగవ్యాపారానికి దారి తీసింది. 90ల నడుమ కొందరు పెంటియం చిప్పుల మీది ముద్ర చెరిపేసి, పెద్ద అంకె అచ్చేసి, ఎక్కువ ధరకి అమ్మేవారు. కొన్నవాడికి తన మెషీను ఎందుకు ఉండుండి ఆగిపోతోందో అర్థమయ్యేది కాదు. ఇది ఆపాలని ఇంటెల్ పెంటియం-2 కాలానికల్లా గుణకానికి తాళం వేసేసింది. తాళంతో దొంగముద్ర వ్యాపారానికి దెబ్బ తగిలిన మాట నిజం. దాంతో పాటే, తెలిసి, తన పూచీ మీద వేగం పెంచుకునేవాడి చేతికీ తాళం పడిన మాటా నిజమే. ఇక మిగిలిన దారి ఒక్కటే, బస్ పెంచడం. అంటే ఇప్పుడు మెమరీని ఒప్పించకుండా ప్రాసెసర్‌ని కదల్చడానికి లేదు.

ఆ నాలుగున్నర

1998 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి సెలెరాన్‌ (266 మెగాహెర్ట్జ్) కి రెండో అంచె క్యాష్ అసలు లేదు. మెమరీ దాకా పోకుండా దగ్గర్లోనే సరుకు దాచుకునే చిన్న అటకలాంటిది క్యాష్. అది లేక ప్రతి చిన్నదానికీ మెమరీ దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చి, ఆఫీసు పనుల్లో ఆ చిప్ చతికిలబడింది. దాన్ని 400 దాకా ఉరికించినవాళ్ళు లేకపోలేదు. కానీ ఉరికి ఏం లాభం, ఉరికేదంతా మెమరీ గుమ్మం ముందు నిలబడటానికే అయినప్పుడు?

ఆ పరువు నిలబెట్టుకోవడానికే 300ఏ వచ్చింది. ఈసారి 128 కిలోబైట్ల క్యాష్‌ని ప్రాసెసర్ ఉన్న సిలికాన్ ముక్కమీదే కట్టారు. ట్రాన్సిస్టర్ల సంఖ్య పెంటియం-2లో 75 లక్షలైతే ఇందులో కోటీ తొంభై లక్షలు. పెంటియం-2కి 512 కిలోబైట్ల క్యాష్ ఉంది కానీ అది పక్కన విడి చిప్పుల్లో, ప్రాసెసర్ వేగంలో సగం దగ్గర నడిచేది. సెలెరాన్‌ది చిన్నదైనా పూర్తి వేగం. అంతేకాదు, పెంటియం-2ని వేగం పెంచబోతే ఆ విడి క్యాష్ చిప్పులే మొదట కూలబడేవి. సెలెరాన్‌కి ఆ గుదిబండ లేదు. చౌక చేయడానికి పడ్డ పాట్లలో కంపెనీ తెలియకుండానే ఒక పందెపు గిత్తని తయారుచేసింది.

ఇక లెక్క చూడండి. 300ఏ గుణకం నాలుగున్నర. తాళం పడింది, మారదు. బస్ 66.6. హెచ్చవేస్తే 300. పెంటియం-2 450 గుణకం కూడా నాలుగున్నరే. దాని బస్ 100. రెండూ 0.25 మైక్రాన్ పద్ధతిలో తయారైనవే. రెంటికీ మామూలు వోల్టేజి 2.0. అంటే బస్‌ని 66 నుంచి 100కి మార్చగలిగితే చాలు. ఆ ఏప్రిల్‌లోనే ఇంటెల్ 100 మెగాహెర్ట్జ్ బస్ కోసం 440బీఎక్స్ అనే చిప్‌సెట్ తెచ్చింది కూడా.

జోడీ కుదర్చడం

అప్పటి కొనుగోలుదారు ఏమేం చూసుకునేవాడో తలుచుకుంటే పెళ్ళిసంబంధం చూసినట్టే ఉంటుంది. మొదట బోర్డు. ఎబిట్ బీహెచ్6 లాంటి బోర్డుల్లో జంపర్లు పీకి గుచ్చే పని లేకుండా, బయాస్ తెరలోనే బస్ వేగం, వోల్టేజి మార్చుకోవచ్చు. అలాంటి బోర్డు దొరకనివాళ్ళు ఇంకో ఉపాయం పట్టారు. ప్రాసెసర్ కార్డు అంచున బీ21 అనే కాంటాక్ట్ మీద చిన్న టేపు ముక్క అతికించినా, గోళ్ళరంగు పూసినా బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ చిప్ అనుకునేది. తర్వాత చిప్. పెట్టె మీద మలేషియా అని ఉందా కోస్టారికా అని ఉందా, ఏ వారం సరుకు అని వాకబు. 2.0 వోల్టుల దగ్గర నిలవకపోతే 2.1, 2.2 పెట్టి చూడటం, ఇంకా పెద్ద ఫ్యాను వేయడం.

ఇక్కడ కొత్తవాళ్ళు బోల్తాపడే మలుపు ఒకటుంది. 66 నుంచి ఒకేసారి 100కి దూకడం భయమేసి, మధ్యలో 83 దగ్గర ఆగుదాం అనుకునేవారు. అదే ప్రమాదం. హార్డ్‌డిస్కూ కార్డులూ ఉండే పీసీఐ బస్ 33 మెగాహెర్ట్జ్ దగ్గర నడవాలి. బస్ 66 అయితే రెండో భాగం, 100 అయితే మూడో భాగం, రెండుసార్లూ సరిగ్గా 33. బస్ 83 పెడితే చాలా బోర్డులు రెండో భాగమే తీసుకునేవి, అంటే 41 పైచిలుకు. డిస్కు మీద రాసే రాతలు చెడిపోయేవి. పూర్తిగా దాటినవాడు ఒడ్డున పడ్డాడు, సగంలో ఆగినవాడు మునిగాడు.

ఆఖరున మెమరీ. అసలు కుదరాల్సిన జోడీ ఇది. 66 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య 15 నానోసెకన్లు. 100 దగ్గర 10 మాత్రమే. పాత ఎస్‌డీరామ్ చిప్పుల మీద కూడా 10 నానోసెకన్లని రాసి ఉండేది. ఇంకేం, సరిపోయింది కదా అనిపిస్తుంది. సరిపోదు. సంకేతం బయల్దేరి, చేరి, కుదురుకోవడానికి పట్టే సమయం కూడా ఆ పదిలోనే ఇమడాలి. అందుకే పీసీ100 ప్రమాణానికి 8 నానోసెకన్ల తరగతి చిప్పులు వాడేవారు. మెమరీ పలక మీద దాని లక్షణాలు చెప్పే ఎస్‌పీడీ అనే బుల్లి చిప్ కూడా ఉండాలన్నారు. పీసీ100 ముద్ర ఉన్న మెమరీకి కొంచెం ఎక్కువ పెట్టి కొన్నవాడికి 450 దక్కింది. ఆ కాస్త దగ్గర పొదుపు చేసినవాడు తప్పంతా ప్రాసెసర్ మీదికి నెట్టాడు.

మా గదిలో

ఆ పొదుపు చేసినవాళ్ళలో నేనొకడిని. 1999లో హైదరాబాదులో ముగ్గురం ఒక గదిలో ఉండేవాళ్ళం. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి తిరిగి, ఒక్కో ముక్కా కొని బిగించుకున్న మెషీను నాది. 300ఏ, బీఎక్స్ బోర్డు, 64 మెగాబైట్ల పీసీ100 మెమరీ. అక్కడిదాకా అంతా సవ్యమే. అది చాలదనిపించి, పాత మెషీన్లోంచి తీసిన 32 మెగాబైట్ల పలక ఒకటి పక్కన గుచ్చాను. అది 66 కాలపు సరుకు. మెషీను మొదలైనప్పుడు తెరమీద మెమరీ లెక్క చకచకా పూర్తయింది. పనిచేస్తోందనుకున్నాను. 450 అని తెరమీద కనపడగానే గదికి వచ్చినవాళ్ళందరికీ పిలిచి చూపించాను.

మా గదిలో ఒకడు సివిల్ ఎమ్‌టెక్ చేస్తుండేవాడు. గోదావరి నీటిమట్టాల పట్టికలు, కాగితాల మీంచి చూసి మూడు నెలలపాటు నా మెషీన్లోనే టైపు చేసుకున్నాడు. డిస్కు నిండిపోతోందని నేనే ఆ ఫైళ్ళన్నీ జిప్ చేసి, ఫ్లాపీల్లోకి ఎక్కించి, అసలువి చెరిపేశాను. మే నెలలో వాడికి అవి కావలసి వచ్చాయి. ఫ్లాపీలు శుభ్రంగా చదివాయి. విప్పబోతే సగానికి పైగా ఫైళ్ళకి సీఆర్‌సీ తప్పు అని వచ్చింది. అంటే ఫ్లాపీ మీదికి వెళ్ళకముందే, మెమరీలో ఉన్నప్పుడే అవి చెడిపోయాయి.

మొదట ఎండని తిట్టుకున్నాను. బయటిదేశాలవాళ్ళు రాసే సలహాలన్నీ చల్లటి గదులకి. మా గది మధ్యాహ్నం నలభై డిగ్రీలుండేది. పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టాను. ప్రైమ్95 అని పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతికే ప్రోగ్రాము ఒకటుంది. లెక్కలో ఒక్క తేడా వచ్చినా పట్టేస్తుంది. అది నడిపితే ఫ్యాను పెట్టినా నాలుగు నిమిషాల్లో తప్పు చూపించింది. ఆ 32 మెగాబైట్ల పలక తీసేశాక, ఫ్యాను లేకుండా, తెల్లవార్లూ నడిచింది. ప్రాసెసర్‌లో ఏ లోపమూ లేదు. దానికి నేను కట్టిన జోడీలో ఉంది.

"ఒరేయ్, నీ మెషీను బాగానే నడుస్తోంది కదరా, నాలుగొందల యాభై అన్నావుగా," అన్నాడు వాడు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. మళ్ళీ కాగితాలు ముందేసుకుని ఇద్దరం కలిసి టైపు చేశాం. నా మెషీనుని నా ఇష్టం వచ్చినట్టు ఉరికించుకోవడం నా హక్కే. కానీ వాడి మూడు నెలలు ఆ పందెంలో ఒడ్డినట్టు వాడికి తెలియదు. నేనూ చెప్పలేదు. వెసులుబాటు ఎవరిది అనే ప్రశ్నకి ఇంకో సగం ఉందని, అది జారిపోతే నష్టం ఎవరిదన్నది కూడా అడగాలని నాకు అప్పుడు తెలిసింది.

కంపెనీలు నేర్చిన విద్య

ఆ పాఠం నేర్వనివాళ్ళలో పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. 2000 మార్చిలో ఏఎమ్‌డీ అందరికన్నా ముందు 1 గిగాహెర్ట్జ్ చిప్ ప్రకటించింది. వెనకబడ్డానన్న కంగారులో ఇంటెల్ జూలై 31న 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం-3 విడుదల చేసింది. దాన్ని పరీక్షించిన థామస్ పాబ్స్ట్ వంటి సమీక్షకులకి లినక్స్ కెర్నెల్ కంపైల్ చేయడం కూడా సవ్యంగా సాగలేదు. ఆగస్టు చివరికి ఇంటెల్ ఆ చిప్పులన్నిటినీ వెనక్కి పిలిపించింది. కంపెనీయే తన చిప్‌ని ఓవర్‌క్లాక్ చేసి, జాగ్రత్త కోసం వదలాల్సిన జాగాని కూడా ముద్ర కింద అమ్మేసిందన్నమాట.

కొనేవాళ్ళ పక్కన ఆట సాగుతూనే ఉంది. ఏఎమ్‌డీ డ్యూరాన్, ఆథ్లాన్ చిప్పుల మీద ఎల్1 అనే సన్నటి తెగిన గీతల్ని మామూలు పెన్సిలుతో కలిపితే గుణకం తాళం ఊడిపోయేది. 2003లో ఆథ్లాన్ ఎక్స్‌పీ 2500+ వచ్చింది. గుణకం 11, బస్ 166. దాన్ని 200 చేస్తే 2200 మెగాహెర్ట్జ్, అచ్చం అదే ఏడాది వచ్చిన 3200+ వేగం. మళ్ళీ సెలెరాన్ కథే. మళ్ళీ మెమరీయే కీలకం. ఎన్‌ఫోర్స్2 బోర్డుల్లో మెమరీ, బస్ ఒకే వేగంతో నడిస్తేనే ఫలితం బాగుండేది. మెమరీ ఒక్కదాన్నే ముందుకి ఉరికిస్తే పని నెమ్మదించేది. అందుకే విన్‌బాండ్ బీహెచ్-5 చిప్పులున్న మెమరీ కోసం జనం పలకల మీది రేకులు విప్పి మరీ చూసేవారు.

ఆ తర్వాత తాళం వేయడం కన్నా తాళంచెవి అమ్మడం మేలని కంపెనీ గ్రహించింది. 2011 జనవరిలో వచ్చిన శాండీబ్రిడ్జ్ తరంలో బేస్ క్లాక్ పెంచితే మిగతా భాగాలన్నీ దానితో ముడిపడి ఉండటం వల్ల మెషీను నాలుగు అడుగులు కూడా వేయదు. గుణకం తెరిచి ఉన్నవి కే అక్షరం ఉన్న రకాలే. ఐ5 2500 ధర 205 డాలర్లు, 2500కే ధర 216. తేడా పదకొండు డాలర్లు. దశాబ్దాల తగువుకి అలా ఒక ధర కట్టారు. దానికి ముందే, 2008 నుంచి, చిప్ తనకున్న వెసులుబాటుని చూసుకుని తనే వేగం పెంచుకునే టర్బో బూస్ట్ మొదలైంది. ఇవాళ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొనేవాడికి మిగిలేది గంప అడుగున నాలుగు కాయలే.

ఆ మిగిలిన దాంట్లో కూడా ఎక్కువ భాగం మెమరీ దగ్గరే ఉంది. ఏఎమ్‌డీ రైజెన్ చిప్పుల్లో లోపలి భాగాలని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ మెమరీ గడియారంతో జతగా నడుస్తుంది. 2019 నాటి రైజెన్ 3000 తరంలో డీడీఆర్4-3600 అంటే మెమరీ గడియారం 1800, ఫ్యాబ్రిక్ కూడా 1800. అక్కడిదాకా ఇద్దరూ కలిసి నడుస్తారు. 4000 మెమరీ కొన్నవాడికి చాలావరకు జత విడిపోయి, పెద్ద అంకెకి ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువ ఆలస్యం కొనుక్కున్నట్టయింది. తర్వాతి రైజెన్ 7000 తరంలో డీడీఆర్5-6000 దగ్గర అలాంటి మేలైన చోటు కుదిరింది. అంకె పెద్దదా అని కాకుండా జోడీ కుదిరిందా అని అడగాలన్నది పాతికేళ్ళుగా మారలేదు.

చివరికి 2024లో ఇంకో సంగతి జరిగింది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పులు కొన్ని, ఎవరూ ఏమీ పెంచకుండానే ఆగిపోవడం మొదలుపెట్టాయి. చిప్ తనకి కావలసినదాని కన్నా ఎక్కువ వోల్టేజి అడిగి తీసుకుంటోందని, దానివల్ల క్రమంగా దెబ్బతింటోందని కంపెనీ ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ దిద్దుబాటు ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. 2000 నాటి కథే, కొత్త అంకెలతో.

వ్యాపారం వల్ల పుట్టిన వెసులుబాటు కొన్నవాడిదేనని నేనిప్పటికీ అంటాను. రెండో రకం గంపలో మొదటి రకం కాయ దొరికితే అది కొన్నవాడి అదృష్టం, దానికి తాళం వేసే హక్కు అమ్మినవాడికి లేదు. జాగ్రత్త కోసం వదిలిన జాగా సంగతి వేరు. అది చేసినవాడిదీ కాదు, కొన్నవాడిదీ కాదు. ఆ మెషీను మీద పని దాచుకున్నవాడిది. కష్టమేమిటంటే బయటినుంచి చూస్తే ఈ రెండూ ఒక్కలాగే ఉంటాయి. విడదీసి చెప్పేది తెల్లవార్లూ నడిపే పరీక్ష ఒక్కటే.

ఆ 300ఏ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. దాన్ని నేను నడిపినన్నాళ్ళూ నడిపింది 450 దగ్గరే, 64 మెగాబైట్లతోనే. కొత్త మెషీను బిగించిన ప్రతిసారీ ముందు మెమరీ పరీక్ష ఒక రాత్రంతా నడిచాకే అందులో ఫైళ్ళు పెడతాను. వేరేవాళ్ళ ఫైళ్ళయితే రెండు రాత్రులు.